బావ తలలో మగ్గం

మా అక్క మొగుడు ఓబులేసు బావ మిద్దె మీంచి పడి, మెడ కింద నుంచి కదలిక పోయి ఆరేళ్లు. మెదడులో చెయ్యి కదిపే చోటు ఇంకా పనిచేస్తుంటే, అక్కడ తీగలు పెట్టి, మనిషి అనుకున్నంతనే కంప్యూటర్ని ఆడించవచ్చేమోనని బెంగళూరులో పరిశోధన చేస్తున్నారు. ముందు ఆ చోటు ఎక్కడుందో ఫొటో తీయాలన్నారు. ఆ చోటు చచ్చిపోయి ఉంటే? బావ భయం అదే, నాదీ అదే.

ఉదయం ఆరింటికి ధర్మవరంలో బెంగళూరు ప్యాసింజరు ఎక్కాం. ఇలా వెళ్లేవాళ్లకు ఒక మాట: చక్రాల కుర్చీ ఆ తలుపులో పట్టదు, నేను పోట్లాడి చూశాను. మనిషిని దుప్పట్లో పడుకోబెట్టి నలుగురు ఎత్తాలి.

పెనుకొండలో ఇడ్లీలు తిన్నాం. ఎదురు సీట్లో పట్టుగూళ్ల సంచులతో హిందూపురం మార్కెట్టుకు పోతున్న మస్తాన్ సాయిబు యాడికని అడిగాడు. సంగతి చెబితే బావ చేతుల వంక చూశాడు.

"చెయ్యి తలకాయలో ఉంటాదిలేప్పా. ఆరేళ్లకే యాడికి పోతాది," అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

బెంగళూరు ఆసుపత్రిలో పదకొండున్నరకు బావను స్కానింగు మిషన్‌లోకి పంపారు. వెండి తాయెత్తు అక్కడ తీయించారు, మీరు ఇంట్లోనే తీసి వెళ్లండి. చెప్పినప్పుడల్లా కుడి పిడికిలి ముడిచి తెరుస్తున్నట్టు అనుకోమన్నారు. అరగంటయ్యాక తెలుగు వచ్చిన డాక్టరమ్మ బయటికొచ్చి, ఈ బొమ్మ పనికిరాదంది. కుడిచెయ్యి చోటొక్కటే వెలగాల్సింది, రెండు చేతులవీ కాళ్లవీ అన్నీ వెలిగాయట.

ఏం అనుకున్నావని డాక్టరమ్మ అడిగితే బావ సిగ్గుపడ్డాడు. "ఊరికే పిడికిలి యాల ముడుస్తారమ్మా? మగ్గంలో కూచొని నేసినా."

మా నేతవాళ్లం గుంటలో కాళ్లతో మగ్గం తొక్కుతూ, ఎడమచేత్తో పోగు బిగించే పలక కొడుతూ, కుడిచేత్తో అడ్డపోగు నాడెను తోసే తాడు గుంజుతాం; చెయ్యి ఒక్కటే ఆడించడం మాకు చేతకాదు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పి, ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. సరేనంది.

"బావా, కాళ్లు నేను తొక్కుతా. పలక కూడా నేనే కొడతా. నువ్వు కుడిచేత్తో నాడె తాడు ఒక్కటే గుంజు," అన్నాను.

ఈసారి తెర మీద ఒక్క చోటే వెలిగింది. ఆ చోటు బాగుందని డాక్టరమ్మ వేలు పెట్టి చూపింది. తీగలు పెట్టడానికి ఇంకా ఏళ్లు పట్టొచ్చు, ఏ మాటా ఇవ్వలేనంది. ఆ చోటు బతికే ఉందన్న మాటకే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం బండెక్కాం. పెనుకొండలో, మిషన్‌లో ఎంత నేశావని బావను అడిగాను.

"బెత్తెడు. నడిమధ్యన నువ్వు ఒకసారి తప్పు తొక్కినావు."

రెండోసారి స్కానింగు జరుగుతుంటే బయట బెంచీ మీద కూర్చుని నేను నిజంగానే కాళ్లు ఆడించాను, ఆయనకు చెప్పలేదు. నాకు నేత నేర్పిన బావ, పడినప్పటి నుంచి నా పనిలో తప్పు పట్టడం ఇదే మొదలు. ధర్మవరం దాకా తిడుతూనే ఉన్నాడు, నేను సంతోషంగా తిట్లు తిన్నాను.