పాస్‌పోర్టు మీది ఎద్దు

గన్నవరం వెళ్లే బస్సులో, నా చేతిలోని పాస్‌పోర్టు అట్ట వైపు పక్క సీటులోని ముసలి రైతు చాలాసేపు చూశాడు.

"ఈ ఎద్దు ఏ జాతిదండీ? మూపురం మా గిత్తకున్నట్టే ఉంది."

"ఎద్దేంటి బాబాయ్, అవి సింహాలు! రాజ్యాధికారానికి గుర్తు," అన్నాను, నలుగురికీ వినబడేలా.

"అయితే సింహాన్నే కాడికి కట్టు బాబాయ్!" అన్నాడు ముందు సీటాయన. అంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"ఓసారి ఇటివ్వండి, చూపిస్తా," అని రైతు చెయ్యి చాపాడు. నేను పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"చదువుకున్నోళ్లు, మీకే తెలుస్తుంది లెండి," అని తన ఊరి దగ్గర దిగిపోయాడు.

విమానాశ్రయంలో వరుసలో నిలబడి చూశాను. సింహాల కాళ్ల కింద, కుడివైపున, మూపురంతో సహా ఎద్దు ఉంది.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ తప్పు పడితే మర్నాడే సవరణ వేశాను. ఆ బస్సులో నవ్వినవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆయనదే తప్పనుకుంటూ ఉంటారు.