జ్వరం తెచ్చే సూది, జ్వరం దించే సూది

కోదాడలో కొన్నేళ్లు పనిచేశాక, 2007 జూన్‌లో సూర్యాపేటలోని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో హెడ్ నర్సుగా చేరాను. రెండో వారంలోనే మల్లయ్య అనే పేషెంటును నాకు అప్పగించారు. పెన్‌పహాడ్ దగ్గర గొర్లు కాసుకునే మనిషి. క్యాన్సర్ వచ్చిన కిడ్నీని హైదరాబాద్‌లో తీసేశారు గానీ, అది అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. అక్కడి డాక్టరు ఇంటర్‌ఫెరాన్ రాసి, వారానికి మూడు సూదులు మా దగ్గర వేయించుకోమన్నారు.

ఇంటర్‌ఫెరాన్ మన ఒంట్లోనే పుట్టే ప్రోటీన్. శత్రువు చొరబడ్డాడని రోగనిరోధక కణాలకు కబురందించడం దాని పని. దాన్నే మందుగా ఇస్తే ఆ కణాలు క్యాన్సర్ మీదికి వెళతాయని ఆశ. కబురు వెళ్లిన సాయంత్రం చలి, జ్వరం వస్తాయి. పారాసిటమాల్ తప్ప ఇంకేదీ ఇవ్వొద్దని చీటీలో ఉంది. "జ్వరం వస్తుంది, భయపడొద్దు" అని అతని భార్య లింగమ్మకు చెప్పాను. అంతకన్నా చెబితే అర్థం కాదనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

మొదటి వారం మల్లయ్య వణికిపోయాడు. రెండో వారం నుంచి జ్వరం మాయం. ఈ మందుకు ఒళ్లు అలవాటు పడటం మామూలే కాబట్టి, చార్టులో "బాగా తట్టుకుంటున్నాడు" అని రాశాను. మా నర్సింగ్‌హోం డాక్టరు మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా. నెల దాటేసరికి అతని మొహం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి పెరిగింది. ఈ సూదులు పడే మనిషికి అన్నం సయించదు. అనుమానమొచ్చి, ఇంకెవరైనా సూది వేస్తున్నారా అని అడిగాను.

లింగమ్మ దాచలేదు. "మా ఊరి ఆర్‌ఎంపీ సారు ఏస్తడు. నీ సూదికేమో జరమొస్తది, ఆయన సూదికి దిగుతది. ఇగ నువ్వే చెప్పు సిస్టరమ్మా, ఏది మంచి సూది?"

డిగ్రీ లేకుండా ఊళ్లో వైద్యం చేసే ఆ సారు వేసేది స్టెరాయిడ్. ఆ మొహం ఉబ్బు, ఆ ఆకలి దానివల్లే. అది జ్వరాన్ని ఇట్టే దించుతుంది, నిరోధక కణాలనూ అణిచేస్తుంది. పొద్దున నేను లేపుతున్నవాటిని సాయంత్రం ఆయన పడుకోబెడుతున్నాడు. లింగమ్మ సంతోషంతో ఆయనకొక పొట్టేలును ఇచ్చిందట. నాకు కోడిగుడ్డు కూడా రాలేదు.

డాక్టరు స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించి ఆపించారు. జ్వరం మళ్లీ వచ్చింది. థర్మామీటరు చూసి నేను సంబరపడుతుంటే లింగమ్మ నన్ను కొట్టేటట్టు చూసింది. తర్వాత తీసిన స్కాన్‌లో ఊపిరితిత్తుల్లోని క్యాన్సర్ మచ్చలు పెరిగాయి. ఈ మందు పనిచేసేదే కొద్దిమందికని, ఆ వారాలు వృథా కాకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నారు. సూదులు ఆపేశారు.

ఆ రోజు మల్లయ్యకు అంతా వివరించాను. రెండు నిమిషాలు పట్టలేదు. అతను భార్య వైపు చూసి, "తోడేలొచ్చిందని కుక్క మొరుగుతుంటే మనం దాని నోరు గట్టినమే" అన్నాడు. తర్వాత నాతో, "గీ ముచ్చట మొదలే చెప్తే అయిపోతుండె గద సిస్టరమ్మా" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ చలికాలంలో అతను చనిపోయాడు. మందు ఎలా పనిచేస్తుందో చెప్పడం కూడా మందు వేయడంలో భాగమేనని నేను నేర్చుకున్నాను. పాఠం నాకు దక్కింది. వారాలు పోయింది మల్లయ్యకు.