కాదిజ్ బురుజు

నేను స్పెయిన్ చూశానని మా కోరంగిలో అందరికీ తెలుసు. కాదిజ్ అనే సముద్రపు ఊళ్లో నెల్లాళ్లున్నాననీ, అక్కడి వీధికుక్కలు కూడా నన్ను గుర్తుపడతాయనీ చెప్పి ఉన్నాను. నిజానికి నేను చూసిన స్పెయినల్లా, దుబాయ్‌కి మెట్రో రాని రోజుల్లో, డేరా పేట నుంచి క్రీక్ అవతలి గట్టుకు దాటే అబ్రా పడవలో నా పక్కన కూర్చున్న ఒక ముసలాయన.

ఆయనది కాదిజ్. వచ్చీరాని ఇంగ్లీషులో, అక్కడి అరబ్బీ అలవాటుతో నన్ను సదీక్, అంటే నేస్తం, అంటూ చెప్పాడు.

"ఒకప్పుడు అమెరికా వెండి మా రేవులోనే దిగేది, సదీక్. ప్రతి షావుకారూ ఇంటి మీద బురుజు కట్టించి, తన ఓడ వస్తోందేమో చూడ్డానికి మనిషిని పెట్టేవాడు. ఆ ఓడలు రావడం మానేశాయి. మేం మాత్రం ఇంకా బురుజెక్కి చూస్తాం."

అరచెయ్యి కళ్లకి అడ్డంపెట్టి నీళ్లకేసి చూపించాడు. "మరి మీ ఊరు?"

"మాదీ పెద్ద రేవే." అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "ఇప్పటికీ రోజూ ఓడలే. నిలపడానికి చోటుండదు!"

మా రేవు మా తాత పుట్టకముందే ఇసుక మేటేసి పూడిపోయింది.

ఆయన చెయ్యి దించేశాడు. "అదృష్టవంతుడివి. రాని ఓడ కోసం చూడ్డం నీకు తెలీదులే," అని నవ్వాడు. గట్టు రాగానే దిగి వెళ్లిపోయాడు.

తెలుసండీ. ఆ పడవలో ఆయన తరవాత నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడు సాయంత్రాలు డాబా ఎక్కి, అరచెయ్యి కళ్లకి అడ్డంపెట్టుకుంటాను. మడ అడవి కనబడుతుంది.

"ఓడేమన్నా వచ్చిందా?" అని కిందనుంచి మా ఆవిడ వేళాకోళమాడుతుంది.

"రాలేదే," అంటాను. ఆ రోజు పడవలో ఆయనకి చెప్పాల్సిన జవాబు.