నాలుగో క్వార్టర్

స్పిన్నింగ్ మిల్లులో అందరూ అతన్ని పెన్సిల్ అనేవారు. టైమ్ ఆఫీసులో హాజరు రాసే గుమాస్తా కాబట్టి చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. పెళ్లిలో కూడా చెవి మీద పెన్సిల్‌తోనే కూర్చున్నాడని భార్య బతికున్నన్నాళ్లూ దెప్పింది. మనిషి కూడా సన్నం. చేతిరాత మాత్రం అచ్చు వేసినట్టుండేది. ఆ రాత చూసి మిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకి స్కోరు రాసే పని అతనికి అప్పగించారు. ఇరవై ఆరేళ్లు రాశాడు. ఒక్కసారీ బంతి ముట్టుకోలేదు. బంతి తన వైపు దొర్లుకుంటూ వస్తే కాళ్లు పైకెత్తి కూర్చునేవాడు.

మిల్లు మూతపడిన రోజున స్పోర్ట్స్ ఆఫీసు బీరువాలు ఖాళీ చేసి కాగితాలన్నీ వరండాలో కుప్ప పోశారు. అందరూ కుర్చీలు, బల్లలు, ఫ్యాన్లు పట్టుకుపోతుంటే పెన్సిల్ రెండు గోనెసంచుల నిండా స్కోర్‌షీట్లు నింపుకుని ఇంటికి మోసుకొచ్చాడు. "దీనికన్నా ఒక ఫ్యాన్ తెచ్చుంటే నాలుగు రోజులు గాలన్నా తగిలేది కదయ్యా" అంది భార్య. ఆవిడ పోయాక ఆ సంచులతోనే అతను కాలక్షేపం చేశాడు.

ఆ కాలక్షేపం పేరు చీటీల ఆట. మిల్లు రెండుసార్లు పెద్ద కప్పు గెలిచింది. మొదటిసారి గెలిచింది పాత జట్టు. పదకొండేళ్ల తర్వాత గెలిచింది కొత్త జట్టు. ఈ రెండూ ఎదురెదురుగా ఆడితే ఎవరు గెలుస్తారు అన్నది మిల్లు క్యాంటీన్‌లో ఎన్నో కప్పుల టీ చల్లార్చిన ప్రశ్న. వాదించినవాళ్లలో సగం మంది పోయారు. వాదన తేలలేదు. పెన్సిల్ తేల్చాలనుకున్నాడు. ఎనిమిది బిస్కెట్ డబ్బాలు తీసుకుని, ఒక్కో జట్టుకి నాలుగు, క్వార్టర్‌కి ఒకటి చొప్పున కేటాయించాడు. ఆ జట్టు కప్పు గెలిచిన ఏడాది షీట్లు ముందేసుకుని ఎవరు ఏ క్వార్టర్‌లో బంతి విసిరినా దానికో చీటీ రాశాడు. పడితే రెండు, ఫ్రీ త్రో అయితే ఒకటి, పడకపోతే సున్నా. డబ్బా బాగా కుదిపి, కళ్లు మూసుకుని, క్వార్టర్‌కి జట్టుకి ఇరవై చీటీలు తీయాలి. ఏడు మ్యాచ్‌లు. ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు.

ఆడే చోటు నిచ్చెన మంచం పక్కన.

నిచ్చెన పాత జట్టు కెప్టెన్. ఒకప్పుడు ఆరడుగుల మూడంగుళాల మనిషి. పాత జట్టు ఐదుగురిలో మిగిలినవాళ్లిద్దరు. ఒకడు లారీ డ్రైవర్, హారన్ అనేవారు, ఎక్కడో కొడుకు దగ్గర రాయిలా ఉన్నాడు. రెండోవాడు నిచ్చెన. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్. మిగతా ముగ్గురూ ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయారు. నిచ్చెనతో కలిపి ఆ నలుగురూ దూది ఏకే గదిలో పనిచేసినవాళ్లు. ఎనిమిది గంటల డ్యూటీ, కనుబొమల మీద మంచు పట్టినట్టు దూది, ఆ మొహాలు కడుక్కుని ఐదింటికి కోర్టులో దిగేవారు. కొత్త జట్టు అలా కాదు. వాళ్లని ఆట కోసమే ఉద్యోగంలోకి తీసుకున్నారు. స్టోర్సులో సంతకం పెట్టి పొద్దున్నుంచీ ప్రాక్టీసు చేసేవాళ్లు. దూది గది తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా వాళ్లకి తెలీదు.

మొదటి ఆదివారం మూడు క్వార్టర్లయ్యేసరికి పాత జట్టు పది పాయింట్లు ముందుంది. నిచ్చెన దిండు మీద లేచి కూర్చున్నాడు. "చూశావురా పెన్సిలూ! ఆ స్టోర్సు దొరబాబులు మా ముందు నిలబడతారా?"

నాలుగో డబ్బా తెరిచారు. సున్నా. సున్నా. రెండు. సున్నా. సున్నా. నాలుగు పాయింట్లతో ఓడిపోయారు.

రెండో ఆదివారం అంతే. మూడోవారం పంతొమ్మిది పాయింట్ల ఆధిక్యం ఉండబట్టి గట్టెక్కారు. నాలుగోవారం మళ్లీ చివర్లో మునిగారు. ఐదోవారం చచ్చీచెడీ ఒక్క పాయింటుతో గెలిచారు. రెండు గెలుపులు, మూడు ఓటములు.

"నీ చేతిలోనే ఏదో ఉందిరా" అన్నాడు నిచ్చెన. "నాలుగో డబ్బా దగ్గరికొచ్చేసరికి వెతికి వెతికి సున్నాలే తీస్తున్నావు. కొత్త జట్టువాళ్లు నీకు టీ పోయించారా ఏంటి?"

"కళ్లు మూసుకునే తీస్తున్నాను కదన్నా."

"కళ్లు తెరిచి తియ్యి మరి!"

"అది దొంగాట."

"సచ్చేవాడి కోసం ఒక్క దొంగ చీటీ తీయలేవు. హరిశ్చంద్రుడి మేనల్లుడివి." అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి పావుగంట పట్టింది.

ఆరో మ్యాచ్ కూడా మూడో క్వార్టర్ దాకా బ్రహ్మాండంగా సాగింది. యాభై ఏడు, నలభై ఎనిమిది. తొమ్మిది ముందు. నాలుగో డబ్బా మూత తీయబోతుంటే నిచ్చెన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవ్వాళ్టికి ఆపెయ్‌రా. ఈ వారం రోజులన్నా ముందున్నామనుకుంటా."

గ్లాసులు తీయడానికొచ్చిన నిచ్చెన భార్య డబ్బాల కేసి చూసింది. ఆవిడకి ఆట తెలీదు. "ఏంటి మరిదీ, వారం వారం ఇదే గోల? మూడు డబ్బాల దాకా బాగానే ఆడతారు, నాలుగోదానికి ఏమొస్తుంది మీ జట్టుకి?"

"అదే అర్థం కావట్లేదు వదినా."

"మీ అన్న మెట్లెక్కినట్టే ఉంది" అంది ఆవిడ, గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతూ. "అప్పుడు మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం గుర్తుందా, మిల్లు క్వార్టర్సులో. రెండో అంతస్తు దాకా పాటలు పాడుకుంటూ ఎక్కేవారు. అక్కడ కమ్మీ పట్టుకుని నిలబడిపోయేవారు. కప్పు గెలిచిన ఏడాదే మొదలైంది. చెప్పులో రాయి ఇరుక్కుందని అబద్ధం చెప్పేవారు. రోజూ ఒకే రాయి ఎలా ఇరుక్కుంటుందని అడిగాను కూడా."

పెన్సిల్ చేతిలోని మూత కింద పెట్టేశాడు. డబ్బాలు అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గోనెసంచి నేల మీద బోర్లించాడు. కప్పు ఏడాది షీట్లు ఇరవై రెండు. వరసగా పరిచి చూశాడు. ఏడాది మొదట్లో మొదటి క్వార్టర్ ఎలా ఆడారో నాలుగోదీ అలాగే ఆడారు. సగం గడిచాక నాలుగో క్వార్టర్ తరగడం మొదలైంది. నెలనెలా తరిగింది. కానీ ఐదుగురిదీ కాదు. దూది గది నలుగురిదే. లారీ డ్రైవర్ హారన్ మాత్రం చివరి మ్యాచ్ చివరి నిమిషం దాకా ఒకేలా ఆడాడు. ఆ ఏడాది మిల్లులో ఏకే యంత్రాలు రెట్టింపు చేశారు, కిటికీలు మాత్రం పెంచలేదు. కంపెనీ డాక్టరు ఆ నలుగురి మందుచీటీల మీదా "పొగ మానవలెను" అని రాసేవాడు. నిచ్చెన జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఏ డాక్టరూ రాయని జబ్బుని తన చేత్తో నెలనెలా తనే రాశాడని పెన్సిల్‌కి ఇప్పుడు తెలిసింది. రాసిన చెయ్యికి తాను ఏం రాస్తోందో తెలియలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. షీటు అడుగున "స్కోరర్ అభిప్రాయం" అని ఒక గడి ఉంటుంది. చివరి పదకొండు షీట్లలో ఆ గడిలో తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే మాట: "నాలుగో క్వార్టర్‌లో బద్ధకం."

ఆ పూట పెన్సిల్ అన్నం వండుకోలేదు.

స్కోర్‌షీటు దిద్దడానికి ఒక పద్ధతుంది. షీటు వెనక అచ్చేసే ఉంటుంది. తప్పు మాటని చెరపకూడదు, చదవడానికి వీలుగా ఒకే గీతతో కొట్టాలి, పక్కన సరైనది రాయాలి, కెప్టెన్ సంతకం చేయాలి. కెప్టెన్ సంతకం లేని దిద్దుబాటు చెల్లదు. ఇరవై ఆరేళ్లలో పెన్సిల్ ఈ నియమం ఒక్కసారీ తప్పలేదు. పాత జట్టు కెప్టెన్ ఇంకా ఉన్నాడు. ఎన్నాళ్లుంటాడో తెలీదు. సంతకం కావాలంటే ఆ మాట అతని కళ్ల ముందు పెట్టాలి. నీ గురించి ఇలా రాశానన్నా అని నోటితో చెప్పాలి.

ఆదివారం దాకా ఆగే ధైర్యం లేక బుధవారం మధ్యాహ్నమే వెళ్లాడు.

"ఏరా, వారం మర్చిపోయావా?" అన్నాడు నిచ్చెన. గొంతు బాగా నీరసించింది. "నాలుగో డబ్బా తెరవడానికైతే వెళ్లిపో."

"దాని కోసం కాదన్నా." షీట్లు దుప్పటి మీద పెట్టాడు. చెబుదామనుకున్నదంతా దార్లో వల్లెవేసుకుంటూనే వచ్చాడు. తీరా వచ్చాక వేలితో ఆ గడి చూపించాడు.

నిచ్చెన కళ్లజోడు అడగలేదు. షీటు కేసి చూడను కూడా చూడలేదు.

"బద్ధకం" అన్నాడు.

పెన్సిల్ ఆ గడి మీంచి వేలు తీశాడు.

"తెలుసురా. కప్పు గెలిచాక మేం నలుగురం మేనేజరు దగ్గరికెళ్లాం. ఊపిరాడట్లేదు సార్, ఆ గదిలోంచి మార్చండి, లేదా మూతికి కట్టుకోడానికి గుడ్డలన్నా ఇప్పించండి అన్నాం. ఆయన నవ్వి సొరుగులోంచి నీ కాగితాలు తీశాడు. ఊపిరి కాదయ్యా బద్ధకం, నేనంటోంది కాదు, మీవాడే రాశాడు, అని చదివి వినిపించాడు. పదకొండూ చదివాడు."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"రెండేళ్లు నీతో మాట్లాడలేదు కదరా."

"షిఫ్టులు కుదరక అనుకున్నాను."

"నువ్వు అలాగే అనుకుంటావు." నిచ్చెన కళ్లు మూసుకుని కాసేపు గాలి పీల్చుకున్నాడు. "కొట్టాలనిపించేది. గేటు దగ్గర హాజరు వేయించుకునేటప్పుడు ఆ పెన్సిల్ లాక్కుని విరిచెయ్యాలనిపించేది. తర్వాత ఒక్కొక్కడే పోవడం మొదలెట్టాడు. నిన్ను కొడితే నువ్వు రాయడం మానేస్తావు. నువ్వు మానేస్తే మేం ఆడామన్న సంగతి ఎవడు రాస్తాడ్రా?"

పెన్సిల్ ఏడ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, దుప్పటి అంచు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డ వదిన లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు.

"సర్లే, ఇప్పుడేం చేద్దామని?" అన్నాడు నిచ్చెన.

"కొట్టేసి సరైనది రాస్తాను. నువ్వు సంతకం పెట్టాలి."

"మేనేజరు పోయాడు. మిల్లు పోయింది. ఎవడికి చూపిస్తావురా?"

"తప్పు రాశాను కదన్నా. అది అలాగే ఉండిపోకూడదు."

నిచ్చెన చెయ్యి చాపాడు. పెన్సిల్ కలం తీసి, మొదటి షీటు మీద ఒకే గీత కొట్టి, పక్కన "ఊపిరి అందలేదు" అని రాసి అతని చేతికిచ్చాడు. నిచ్చెన దాని కింద సంతకం చేశాడు. ఒకప్పుడు మ్యాచ్ గెలిచాక గాల్లోకి ఎగరేసినట్టు పెట్టే సంతకం, ఇప్పుడు గోడ పట్టుకుని నడిచినట్టుంది. రెండో షీటు. మూడోది. నాలుగోదానికి పేరులో సగమే పడింది, కాసేపాగి మిగతా సగం పూర్తిచేశాడు. కలం వేళ్లలోంచి జారిపోయింది.

"ఇవ్వాళ్టికి చాలురా" అన్నాడు. "మిగతావి ఆదివారం."

శుక్రవారం పొద్దున పోయాడు.

దహనమైన తొమ్మిదో రోజున వదిన కబురంపింది, డబ్బాలు పట్టుకెళ్లమని. మంచం తీసేశారు. సిలిండర్ నిలబెట్టినచోట గచ్చు మీద గుండ్రటి మరక ఉంది. ఆవిడ ఎనిమిది డబ్బాలూ వరసగా తుడిచి పెట్టింది.

"మిగతా ఏడు కాగితాలు ఏం చేశావు మరిదీ?"

"అలాగే ఉన్నాయి వదినా. కెప్టెన్ సంతకం లేకుండా కొట్టకూడదు."

"నేను పెడితే చెల్లదా?"

"చెల్లదు వదినా."

"కమ్మీ దగ్గర రోజూ నిలబడి చూసింది నేనే. అయినా చెల్లదు." ఆవిడ గొంతులో కోపం ఉంది, కానీ అది పెన్సిల్ మీద కాదు. తర్వాత నాలుగో డబ్బాని అతని ముందుకి తోసింది. "ఇది ఆడెయ్. ఆయన వద్దన్నది ముందున్నామనుకోడానికి. ఇప్పుడు అనుకోడానికి ఎవరూ లేరుగా."

పెన్సిల్ కళ్లు మూసుకున్నాడు. సున్నా. రెండు. సున్నా. సున్నా. వదిన ఒక్కో చీటీ అందుకుని ఒళ్లో పేర్చుకుంది. ఇరవై చీటీలకి ఎనిమిది పాయింట్లు వచ్చాయి. కొత్త జట్టు డబ్బాలోంచి పంతొమ్మిది. అరవై ఐదు, అరవై ఏడు. రెండు పాయింట్లతో పాత జట్టు ఓడిపోయింది. నాలుగు ఓటములు. కప్పు స్టోర్సువాళ్లదే.

అతను కొత్త స్కోర్‌షీటు నింపాడు. కింద గడి దగ్గరికొచ్చి ఆగాడు.

"ఎందుకు ఓడారో రాయవయ్యా" అంది వదిన. "ఈసారన్నా మొదటే సరిగ్గా రాయి."

రాశాడు. ఆవిడ పక్కన కూర్చుని చివరి అక్షరం దాకా చూసింది.