మైదా జిగురు, గోధుమ జన్యువు

ఎండబెట్టిన మొక్కలను తెల్లటి అట్టల మీద అతికించి బీరువాల్లో దాచే ఆ ఆఫీసులో ఆమెను అందరూ జిగురమ్మ అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఆమె పని అతికించడం, స్వభావం అనుమానించడం. కొత్త మొక్క బల్ల మీదికి రాగానే వాసన చూస్తుంది, ఆకు వెనక్కి తిప్పుతుంది, చీటీ మీద రాసిన పేరు వంక ఓరగా చూస్తుంది. "సాయంత్రం ఇంటికెళ్తే నన్నూ ఇలాగే చూస్తుంది" అంటాడు ఆమె మొగుడు.

ఆఫీసు ఇచ్చే సీసా జిగురే వాడాలని నియమం. ఎండాకాలంలో అది గాజులా పెళుసెక్కి, కాడలు టపటపా ఊడేవి. మూడుసార్లు రాసిచ్చినా ఎవరికీ పట్టలేదు. తొమ్మిదేళ్ల కిందట విసుగెత్తి ఇంట్లో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఖాళీ సీసాల్లో పోసుకుని తేవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఒక్క కాడ ఊడితే ఒట్టు. 'నిజాయితీయే మన ఊపిరి' అన్న గోడమీది కాగితం కూడా ఆ దొంగజిగురుతోనే నిలబడింది.

ఒకరోజు పొద్దున్నే, జన్యువుల మీద పరిశోధన చేసే అమ్మాయి పరుగున వచ్చింది.

"పిన్నిగారూ! మీరు అతికించిన ఆ బీడుగడ్డిలో గోధుమ జన్యువులు దొరికాయి. ఏడు!"

"గడ్డికీ గోధుమకీ చుట్టరికమేగా?"

"దూరపు చుట్టరికం. విడిపోయి కోట్ల ఏళ్లయింది. ఇవి వారసత్వంగా వచ్చినవి కావు. పక్క మొక్క నుంచి జన్యువులు లాక్కునే గడ్డి జాతులున్నాయని ఈమధ్యే తేలింది. ఇదీ అలాగే లాక్కుంది."

"దొంగగడ్డి అన్నమాట." జిగురమ్మ చేతిలో కుంచె ఆగింది. "ముక్క ఎక్కడ కోశావు?"

"ఆకు వెనకవైపు. ముందువైపు అందం చెడగొట్టొద్దని మన ఆఫీసు పెద్దాయన ఆర్డరు."

వెనకవైపు. అంటే జిగురు పూసినవైపు. మైదా గోధుమ కాక మరేమిటి?

నోరు విప్పితే తొమ్మిదేళ్ల గుట్టు రట్టవుతుంది. రిటైరవడానికి రెండేళ్లుండగా పెద్దాయన ఇంటికి పొమ్మంటే అడిగే దిక్కులేదు. విప్పకపోతే తన మైదాపిండిని ఆ పిల్ల లోకానికి పరిణామమని చాటుతుంది. ఈ రెండోదే ఆమెకు ఎక్కువ మంటెత్తించింది. పుణ్యం కోసమేమీ కాదు. తప్పుడు చీటీ చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది, అంతే.

మర్నాడు అమ్మాయిని పక్కకు లాగింది. "ప్రతి అట్ట మూలనా చిన్న కాగితపు కవరుంటుంది చూడు, రాలిన గింజలు వేసేది. వాటికి జిగురు తగలదు. అవి పరీక్ష చెయ్యి."

అమ్మాయి కళ్లు చిన్నవయ్యాయి. "జిగురు సంగతి ఇప్పుడెందుకొచ్చింది? ఏం దాస్తున్నారు?"

జిగురమ్మ చెప్పేసింది. మైదా, మైలుతుత్తం, సీసాలు, అన్నీ.

"మూడేళ్లు!" అమ్మాయి కుర్చీలో కూలబడింది. "మూడేళ్లుగా నేను చదువుతున్నది మీ వంటిల్లా?"

మూడు వారాలకు ఫలితం వచ్చింది. ఏడింటిలో ఆరు ఎగిరిపోయాయి. ఒకటి మిగిలింది. పెద్దాయన ఇద్దరినీ తన గదికి పిలిచాడు. జిగురు సంగతంతా విని చెడామడా తిట్టి, చివరికి మెత్తబడ్డాడు.

"ఆరు పోతే పోయాయి. ఒక్కటున్నా పేపరు వేయొచ్చు. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ ఇలా చేయనని సంతకం పెట్టు. ఇంతటితో వదిలేస్తాను."

కవరులోంచి కాగితం తీసి అందించాడు. సంతకం పెడితే గండం గడిచినట్టే. ఆమె కలం తీసుకుంది. బల్ల మీది ఖాళీ కవరు అంచున ఎండిన జిగురు చార కనిపించింది. కలం పక్కన పెట్టేసింది.

"సార్, గింజలకు జిగురు పూయలేదు, నిజమే. కానీ ఆ కాగితపు కవర్లు మడిచి అతికించేదీ నేనే."

"దేంతో?"

"ఇంకా దేంతో సార్!"

పెద్దాయన తల పట్టుకున్నాడు. "అడక్కుండా ఎందుకమ్మా చెబుతావు?"

అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. "పచ్చి గడ్డి కావాలి సార్. ఎండిన దాంట్లో జన్యువుల పోగు తెగి తునకలైపోతుంది. పచ్చి దాంట్లో పొడుగాటి పోగు దొరుకుతుంది. ఆ జన్యువు గడ్డి పోగులోనే అల్లుకుని ఉందో, పైన అంటుకుందో తేలిపోతుంది."

"తేలేదాకా నువ్వు జిగురు బల్ల ముట్టుకోకు" అన్నాడాయన జిగురమ్మతో. "నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాత."

బయటికొచ్చాక అమ్మాయి అంది: "గడ్డి ఎక్కడ కోశారో చీటీ మీద ఉందిగా. రేపే వెళ్తాను."

"చీటీ రాసినవాడు అక్కడికి వెళ్లాడని ఏంటి నమ్మకం? నేనూ వస్తా" అంది జిగురమ్మ. "నిన్నొక్కదాన్నీ పంపితే గోధుమ చేలో దిగి కోసుకొస్తావు."