ఎడమచేతి గీత

జపాన్‌లోని కనజావాలో మా ఊరగాయల కొట్టును ఆనుకుని కుసాకా మొకిచి గారి తపాలా బిళ్లల దుకాణం ఉండేది. ఆయన అమ్మింది తక్కువ, చూసింది ఎక్కువ. మేజీ చక్రవర్తి తొలినాళ్ల సాకురా పువ్వు బిళ్లలంటే ఆయనకు ప్రాణం. అప్పట్లో ఒక బొమ్మ చేసి దానికి నకళ్లు తీసేవారు కాదు. రాగి పలక మీద నలభై బిళ్లలనూ మనిషే విడివిడిగా చెక్కేవాడు. అందుకని ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదానిలో పువ్వు రెక్క కొస తెగి ఉంటుంది, మరోదానిలో ఆకు అంచును తాకుతుంది. విడి బిళ్ల చేతికిస్తే అది ఏ పలకలో ఎక్కడిదో మొకిచి గారు భూతద్దంతో చూసి చెప్పేవారు.

ఒక పలక మాత్రం ఆయనను వదల్లేదు. అందులో అడుగు మూల బిళ్ల ఎవరి కంటా పడలేదు.

"దీన్ని చెక్కినవాడిది ఎడమచెయ్యమ్మా," అన్నారు ఒకసారి నాతో. "కింది వరుసలకు వచ్చేసరికి అలసిపోయాడు పాపం. ఇదిగో, ఇక్కడ దగ్గాడు. గీత ఎలా ఎగిరిందో చూడు."

"దగ్గు కూడా వినిపిస్తోందా మీకు? మా ముల్లంగి ఏం పాడుతోందో కూడా చెప్పండి మరి," అని నవ్వాను.

ఆ చలికాలంలో ఆయన భార్య కినుయే మా కొట్టుకు వచ్చి గొంతు తగ్గించింది.

"చెల్లీ, ఆయన ఎడమచేత్తో తింటున్నారు."

"కుడిచెయ్యి నొప్పేమో అక్కా."

"అడిగితే 'నేనా?' అంటారు. చల్లారిన అన్నం మీద కూడా ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నారు. పలక చెక్కుతూ రాగిపొడి ఎగరగొట్టినట్టు. పైగా ఆ దగ్గు! డాక్టరు ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు."

నాకు నవ్వు రాలేదు.

మంచు బాగా కురిసిన ఒక మధ్యాహ్నం ఊరగాయ ఇవ్వడానికి వాళ్ల దుకాణంలోకి వెళ్లాను. మొకిచి గారు కుడిచేత్తో భూతద్దం పట్టుకుని బిళ్లను చూస్తున్నారు. ఎడమచెయ్యి మాత్రం ఇనుప సూదితో బల్ల చెక్కను గీస్తోంది. ఆయన దానివైపు చూడనైనా చూడటం లేదు.

"ఏం గీస్తున్నారండీ?"

ఆయన తల దించి చూశారు. సూదిని చటుక్కున వదిలేశారు. బల్ల మీద బొటనవేలి గోరంత బిళ్ల చెక్కి ఉంది. నడుమ పువ్వు, చుట్టూ తీగ. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. పిల్లి బొమ్మ వేయడం కూడా రాని మనిషి ఆయన. కినుయే లోపలి నుంచి చేతి అద్దం తెచ్చి పెట్టింది. అద్దంలో అక్షరాలు సరిగ్గా కనిపించాయి. ఒక రెక్క మీదుగా సన్నని గీత అడ్డంగా ఎగిరి తీగను కోసింది.

మంచు కరిగాక తొయామా నుంచి నగాసే అనే వర్తకుడు వచ్చి, ఒక పాత బిళ్లను బల్ల మీద పెట్టాడు. అది ఆ పలకలోని అడుగు మూల బిళ్లే. రెక్క మీదుగా ఎగిరిన గీత తీగను కోసింది. బల్ల మీద చెక్కిన బొమ్మను అద్దంలో చూపిస్తే వెంట్రుకంత తేడా కూడా లేదు.

"ముందే ఎక్కడో చూసేశారన్నమాట! ఒప్పుకోండి పెద్దాయనా," అని నగాసే పగలబడి నవ్వాడు.

"చూడలేదయ్యా," అన్నారు మొకిచి గారు, దగ్గుతూ.

కినుయే ఇక ఊరుకోలేదు. భర్తను గుడికి తీసుకెళ్లింది, తోడుగా నన్నూ రమ్మంది. ఎవరి పేర పూజ చేయాలని పూజారి అడిగాడు.

"పేరు తెలియదండీ. రాగి చెక్కేవాడు. దగ్గుతో పోయి ఉంటాడు," అంది.

పూజారి వింతగా చూసినా మంత్రం మొదలుపెట్టాడు. ధూపం వేయడానికి ముందుగా మొకిచి గారి ఎడమచెయ్యే లేచింది. పొడిని చిటికెతో నిప్పుల మీద వేసింది. తర్వాత ఎవరో వదిలేసినట్టు ఒళ్లో పడిపోయింది.

ఆ రోజే దగ్గు పోయింది. రాత్రి ఆయన కుడిచేత్తో తిన్నారట. కినుయే ఏడ్చేసింది. కానీ మర్నాడు భూతద్దం కింద ఏ బిళ్ల పెట్టినా ఆయనకు అన్నీ ఒకేలా కనిపించాయి. కొన్నాళ్లు ప్రయత్నించి, చివరికి దుకాణం మూసేశారు.

"ఇప్పుడు హాయిగా ఉందా?" అని వేసవిలో అడిగాను.

ఆయన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"కినుయేకి చెప్పకమ్మా. ఇంట్లో మనిషి తగ్గినట్టుంది," అన్నారు.