మామ చెప్పమన్న మాట

నా చిన్నప్పుడు, ఎర్రగుంట్ల దగ్గర మా ఊళ్లో, మా వీధి మొత్తానికి మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉన్నది పక్కింటి అక్క వాళ్లకు మాత్రమే. పెరట్లో బోరు వేయించి, మోటారు పెట్టించి, అక్కడి నుంచి ట్యాంకు దాకా, ట్యాంకు నుంచి వంటింటి దాకా ఇనుప పైపులు బిగించారు. కొత్తలో అవి తళతళ మెరిసేవి. నాకంటే రెండేళ్లు పెద్దదైన ఆ అక్క నన్ను పిలిచి, కొళాయి తిప్పి, నా ముఖం వైపు చూసి నవ్వేది. గర్వంగా నవ్విందో, తన సంతోషం నాతో పంచుకుందామని నవ్విందో ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం నా కడుపు మండిపోయేది. వీధి చివర చేతిపంపు దగ్గర బిందె పెట్టుకుని వంతు కోసం నిలబడినప్పుడల్లా ఆ మంట ఇంకాస్త ఎక్కువయ్యేది.

మరుసటి ఏడు మా నాయన కూడా బోరు వేయించాడు. మాకూ ట్యాంకు వస్తుందని, మా పైపులు అక్క వాళ్ల వాటికన్నా లావుగా ఉంటాయని బడి అంతా చెప్పుకుని తిరిగాను. మోటార్లు బిగించే పని మా మామది. తీరా ఆయన బస్సు పైనుంచి దింపించినవి చూస్తే, బూడిదరంగు ప్లాస్టిక్ పైపులు. అక్క గోడ మీదుగా తొంగి చూసి, "ఇవేంమే, పిల్లోళ్లు ఆడుకునేటివి మాదిరి ఉండాయి?" అంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

మామ నన్ను బతిమాలలేదు, కోప్పడలేదు. మర్నాడు పొద్దున్నే సైకిలు మీద ఎక్కించుకుని, పక్క ఊళ్లో తాను పాత పైపులు మారుస్తున్న ఒక ఇంటికి తీసుకుపోయాడు. పీకేసిన ఇనుప పైపులోంచి మూరెడు ముక్క కోసి నా చేతికిచ్చాడు.

"దీంట్లోంచి నా మొగం చూడు."

కన్ను ఆనించి చూశాను. మామ ముఖం కనబడలేదు. లోపలంతా తెల్లటి సున్నపు పెచ్చు, ఎర్రటి తుప్పు. మధ్యలో పెన్సిలు పట్టేంత సందు, అదీ వంకరగా.

"మన నేలంతా సున్నపురాయి గదమ్మీ. ఈడ నీళ్లకు ఇనుము నిలవదు. ప్లాస్టిక్కుకు తుప్పు పట్టదు. ఎండ తగిల్తే మాత్రం పెళుసెక్కుతాది, అందుకే గోడలో పూడుస్తాండా" అన్నాడు.

మా ఇంటి పని ముగించుకుని వెళ్లేటప్పుడు మామ నాకొక పని అప్పగించాడు. పక్కింటి వాళ్లు పెరట్లోని స్నానాల గదికి ఇంకో వరస పైపులు వేయించి, పైన బండలు పరిపించబోతున్నారు. అక్క వాళ్ల నాయన ఆ రోజు ఊళ్లో లేడు. "ఆయప్ప వస్తానే చెప్పు, ఇనుపవి పూడ్చద్దని. మామ చెప్పమన్యాడని అను."

నేను సరేనన్నాను. చెప్పలేదు.

మూడో రోజు వాళ్లు పైపులు దించుతుంటే గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. అక్క వాళ్ల నాయన నన్ను చూసి, "మీ మామ పోయినాడామ్మా? ఒక మాట అడుగుదామనుకుంటి" అన్నాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, పోయాడని తలూపాను. ఇనుప పైపుల మీద సిమెంటు పోశారు. నున్నటి కడప బండలు పరిచారు. వాళ్లకూ ఒక రోజు నీళ్లు ఆగిపోతాయని నాకొక్కదానికే తెలుసన్న సంతోషంతో ఇంట్లోకి వెళ్లాను.

నాలుగైదేళ్లు గడిచాయి. వాళ్ల కొళాయిలో ధార నూలుపోగంత సన్నబడింది. స్నానాల గదికి చుక్క రావడం లేదు. అక్క బిందె తీసుకుని మా కొళాయి దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. కానీ ఆమె తడిసిన పావడాతో, బిందె నడుమున పెట్టుకుని, తల వంచుకుని పోతుంటే నేను అనుకున్న సంతోషం రాలేదు.

మా మామనే పిలిపించారు. బండలు పగలగొట్టి పైపులు బయటికి తీశారు. ఆ ముక్కల మధ్య నిలబడి అక్క వాళ్ల నాయన, "ఏమప్పా, ఇట్లయితాదని నీకు ముందే తెలుసు గదా. ఒక్క మాట చెప్పింటే ఏం పోయింటాది?" అన్నాడు.

మామ తలెత్తి, గోడ దగ్గరున్న నా వైపు ఒక్కసారి చూశాడు.

"తప్పు నాదేనన్నా. పని తొందర్లో మర్చిపోయినా" అన్నాడు.

ఎర్రటి ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఆయన కొత్త పైపులకు కాలువ తవ్వుతుంటే చూడలేకపోయాను. చెంబుతో నీళ్లు తీసుకుపోయి, "నేను కావాలనే చెప్పలేదు మామా" అని ఏడ్చాను. ఆయన నీళ్లు తాగి చెంబు తిరిగి ఇచ్చాడు.

"నిన్ను చూస్తానే తెలిసిందిలే. నాతో చెప్తే ఏం లాభం? ఆ పాపకు చెప్పు."

అక్క పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. వెళ్లి చెప్పాను. చేతిలోని గుడ్డ పిండి పక్కన పెట్టి, "మా ఇంట్లో నీళ్లొస్తాంటే నీకంత మంటగా ఉండెనా?" అని మాత్రం అడిగింది. అవునని తలూపాను. ఆమె మళ్లీ నాతో మాట్లాడటానికి నెలలు పట్టింది. పాత చనువు రావడానికైతే ఏళ్లే పట్టింది.

అరవై దాటిన ఈ వయసులో నాకు అసూయ పోయిందని చెప్పను. బంధువుల్లో ఎవరైనా కొత్త ఇల్లు కట్టుకుంటే ఇప్పటికీ మనసు ఒకసారి కలుక్కుమంటుంది. కానీ ఎవరికైనా పనికొచ్చే మాట నాకు తెలిసి ఉంటే ఆ పూటే చెప్పేస్తాను. నాకు ఎవరిమీద అసూయ కలిగిందో వాళ్లకైతే ఇంకాస్త తొందరగా వెళ్లి చెప్తాను.